ఒకే ఈత పిల్లల్లో ఒకటి ఆడుతుంది, ఒకటి ఆడదు: పుట్టుకా, పెంపకమా?

అడిగిన ప్రశ్న ఇదీ: ఒకే తల్లికి ఒకే ఈతలో పుట్టిన రెండు కుక్కపిల్లలు, వయసు ఏడు వారాలు. ఒకటి పొద్దస్తమానం రెండోదాని మీద పడి దొర్లించేస్తుంది, రెండోది తప్పించుకుని మంచం కింద దూరుతుంది. ఈ తేడా పుట్టుకతో వచ్చిందా, పెంచడంలో ఏదైనా పొరపాటు జరిగిందా, ఇప్పుడు చేయగలిగిందేమైనా ఉందా, మిగతా జంతువుల్లోనూ ఇంతేనా?

రెండూ కలిసే పనిచేస్తాయి. అలా అని ఊరుకుంటే జవాబు దాటేసినట్టు ఉంటుంది కాబట్టి ఎవరి వాటా ఏదో విడదీసి చెబుతాను. ఆడాలన్న ఉబలాటం ఎంత తేలిగ్గా రేగుతుందన్నది చాలావరకు పుట్టుకతో వచ్చేది. అది రేగాక ఎవరితో ఆడాలి, ఎంత గట్టిగా కరవాలి, అవతలిది కుయ్యోమంటే ఎక్కడ ఆగాలి అన్నవి మొదటి కొన్ని వారాల్లో తోటి పిల్లల మధ్య వంటబట్టేవి. వీటికి తోడు మూడోది ఒకటుంది: ఆ పూట ఒంట్లో ఎలా ఉంది, కడుపు నిండిందా, బెదురేమైనా ఉందా. జన్యువుల గురించి అడిగే ఇలాంటి ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఈ మూడోదాని దగ్గరే దొరుకుతుంది.

ముందు పుట్టుక సంగతి. దీని గురించి మనకు బాగా తెలిసింది ఎలుకపిల్లల నుంచి. అవి పుట్టిన 17, 18 రోజులకు కుస్తీ మొదలుపెడతాయి. 30 నుంచి 40 రోజుల మధ్య ఆట పతాకస్థాయిలో ఉంటుంది, ఈడుకొచ్చాక తగ్గిపోతుంది. ఒక్క పట్టును దగ్గరగా చూస్తే ఇలా ఉంటుంది. ఒకటి వెనక నుంచి వచ్చి రెండోదాని మెడ వెనక భాగంలో ముక్కు ఆనించబోతుంది. ఆటలో గురి ఎప్పుడూ ఆ చోటే. రెండోది ఆ ముక్కు తగలకుండా గిర్రున తిరిగి వెల్లకిలా పడి కాళ్లతో తోస్తుంది. మొదటిది పైన నిలబడి అదిమిపట్టబోతుంది. కళ్లు మూసి తెరిచేలోగా కిందది పైకి, పైది కిందకి. నిజమైన కొట్లాటలో గురి మెడ మీద ఉండదు, తుంటి మీద, డొక్కల మీద ఉంటుంది, పళ్లు దిగుతాయి. హామ్‌స్టర్లలో (ఎలుకలాంటి చిన్న జంతువులు) ఆట గురి చెంపలు. ఏ జాతికి ఎక్కడ గురి అన్నది ఎవరూ నేర్పరు, అది పుట్టుకతోనే ఉంటుంది.

మెదడు పైపొర, అంటే కార్టెక్స్, పుట్టగానే తీసేసిన ఎలుకపిల్లలు కూడా కుస్తీ పడతాయి. ఆడాలనే ఉబలాటం మెదడు అడుగున ఎక్కడో ఉందని దానితోనే తెలిసింది. 2023లో బెర్లిన్‌లోని మైఖేల్ బ్రెక్ట్ బృందం ఆ చోటును ఇంకా దగ్గరగా చూపించింది: మెదడు కాండంలో పెరియాక్విడక్టల్ గ్రే అనే భాగం. అక్కడ చురుకుదనాన్ని అణిస్తే ఎలుకలు ఆడటమూ తగ్గుతుంది, చక్కిలిగింతలకు స్పందించడమూ తగ్గుతుంది.

ఇక ఒకే జంతువులో వంశానికీ వంశానికీ ఉన్న తేడా. ప్రయోగశాలల్లో పెంచే ఫిషర్ 344 అనే ఎలుకలు లూయిస్ అనే వాటికంటే బాగా తక్కువ ఆడతాయి. పుట్టగానే పిల్లల్ని ఈ తల్లి దగ్గర నుంచి ఆ తల్లి దగ్గరకు మార్చి పెంచినా ఆ తేడా పోదు. జాక్ పాంక్సెప్, జెఫ్రీ బర్గ్‌డార్ఫ్‌లు ఇంకో దారి పట్టారు. ఎలుకకు చక్కిలిగింతలు పెడితే మన చెవికి అందని 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలాడుతుంది. ఎక్కువ కిచకిచలాడేవాటిని వాటిలో వాటికే, తక్కువవాటిని వాటిలో వాటికే జతకట్టిస్తూ పోతే కొన్ని తరాల్లోనే రెండు వంశాలు స్పష్టంగా వేరుపడ్డాయి.

కుక్కల వైపు వస్తే, తోడేలు పిల్లల మీద స్వీడన్‌లో జరిగి 2020లో వెలువడిన అధ్యయనం ఒకటుంది. మూడు ఈతలకు చెందిన 13 తోడేలు పిల్లల్ని పదో రోజు నుంచి మనుషులే ఒకే తీరుగా పెంచారు. ఎనిమిది వారాల వయసులో ముక్కూమొహం తెలియని మనిషి బంతి విసిరి పిలిస్తే, తెచ్చి ఇచ్చినవి మూడే. ఆ మూడూ ఒకే ఈతవి. పెంపకం ఒకటే అయినా ఈతకూ ఈతకూ అంత తేడా. అయితే దీన్ని జాతి పేర్ల దాకా లాగకండి. 2022లో అమెరికాలో 18 వేలకు పైగా కుక్కల వివరాలు చూసిన అధ్యయనంలో ఒక్కో కుక్క ప్రవర్తనలోని తేడాల్లో జాతి వల్ల వచ్చేది సుమారు 9 శాతమేనని తేలింది. ‘ఈ జాతి ఇంతే’ అని ఎవరైనా అంటే ఆ అంకె గుర్తుచేసుకోండి.

ఇక్కడ చాలామంది జన్యువులు, పెంపకం అని రెండు పెట్టెలు పెట్టుకుంటారు. మధ్యలో కడుపులో గడిపిన కాలం, పుట్టిన మొదటి రోజులు ఉన్నాయి. గర్భంలో ఉండగా టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ అందిన ఆడ రీసస్ కోతిపిల్లలు మామూలు ఆడపిల్లల కంటే ఎక్కువ కుస్తీ పడతాయి. పుట్టగానే వృషణాలు తీసేసిన మగపిల్లలు మాత్రం మగపిల్లల్లాగే ఆడతాయి, ఎందుకంటే పని అప్పటికే అయిపోయింది. ఎలుకల్లో ఆ గడువు పుట్టాక మొదటి కొద్ది రోజుల దాకా సాగుతుంది. మార్గరెట్ మెకార్తీ బృందం 2019లో చూపించింది ఏమిటంటే, ఆ రోజుల్లో మగపిల్లల అమిగ్డలాలో (భయం లాంటి భావాలతో ముడిపడిన మెదడు భాగం) మైక్రోగ్లియా అనే మెదడు రక్షక కణాలు కొత్తగా పుట్టిన కణాల్ని ఎక్కువగా మింగేస్తాయి. అలా మింగకుండా ఆపితే ఆ మగపిల్లలు పెరిగాక ఆడపిల్లల స్థాయిలోనే ఆడతాయి.

అనుభవం వైపు మొదట తల్లి. మాంట్రియల్‌లో మైఖేల్ మీనీ బృందం తల్లి ఎలుకలు పిల్లల్ని నాకే తీరును ఏళ్ల తరబడి లెక్కపెట్టింది. తక్కువ నాకించుకున్న మగపిల్లలు ఎక్కువ కుస్తీ పడతాయని 2008లో తేలింది. చాలామంది దీనికి తలకిందులుగా ఊహిస్తారు. పిల్లుల్లోనూ ఇలాంటిదే ఉంది: పాలు త్వరగా మాన్పిస్తే కూనలు వస్తువులతో ఆడటం పెంచుతాయి. తల్లి అండ తగ్గుతోందన్న సూచన అందితే సొంతంగా బతకడానికి కావలసిన అలవాట్ల వైపు తొందరగా మళ్లుతాయని ప్యాట్రిక్ బేట్‌సన్ వివరించారు. కాబట్టి తెగ ఆడే పిల్ల హాయిగా ఉందనీ, ఆడనిది బాధలో ఉందనీ ఆ ఒక్క ముక్కతో తేల్చకూడదు. మీ రెండింటిలో ఏది ‘మామూలు’ అన్నది కూడా ఇంకా తేలలేదు.

తల్లి తర్వాత తోటి పిల్లలు. నా దృష్టిలో ఈ మొత్తం విషయంలో మన చేతిలో ఉన్నది ఇదే. ఒంటరిగా పెంచిన ఎలుకపిల్లకు ఆడాలని ఉండదనుకుంటారు. ఉంటుంది, మామూలు కంటే ఎక్కువగానే ఉంటుంది. ఆడటం చేతకాదు. ఎదుటిది మెడ మీద ముక్కు పెడితే కరిచినంత బెదురు, లేదా అవతలిది లొంగినా ఆగకపోవడం. 1978లో డొరోతీ ఐనన్, ఆమె సహచరులు ఒంటరి ఎలుకపిల్లలకు రోజుకు ఒక గంట తోడు ఇచ్చి చూశారు. ఆడే తోడు దొరికినవి చాలావరకు మామూలుగా ఎదిగాయి. మందు ఇచ్చి ఆడకుండా చేసిన తోడు దొరికినవాటికి ఆ మేలు జరగలేదు. పక్కన ఒక ప్రాణి ఉంటే చాలదు, అది తిరిగి ఆడాలి. హ్యారీ హార్లో తల్లి లేకుండా పెంచిన కోతిపిల్లల్లో కూడా రోజుకు 20 నిమిషాలు తోటివాటితో ఆడనిచ్చినవి ఆశ్చర్యపడేంత మామూలుగా పెరిగాయి. ఎలుకల్లో ఈ గడువు నాలుగో వారం నుంచి ఆరో వారం దాకా. కుక్కల్లో మూడో వారం నుంచి పన్నెండో వారం దాకా అని జాన్ పాల్ స్కాట్, జాన్ ఫుల్లర్ ఐదు జాతుల మీద చేసిన సుదీర్ఘమైన పనిలో తేల్చారు. పిల్లికూనల్లో మనుషులకు అలవాటుపడే కాలం రెండు నుంచి ఏడు వారాలే. కూన ఇంటికొచ్చేసరికి అది చాలాసార్లు అయిపోయి ఉంటుంది.

జన్యువు, అనుభవం ఎక్కడ కలుస్తాయో చూడాలంటే నక్కల దగ్గరకు వెళ్లాలి. 1959లో దిమిత్రి బెల్యాయెవ్ మొదలుపెట్టి ల్యుద్మిలా త్రూత్ దశాబ్దాల పాటు నడిపిన ప్రయోగంలో, మనిషికి బెదరని నక్కల్నే తరతరాలుగా ఎంచుకున్నారు. మామూలు ఫారం నక్కపిల్లలకు ఆరు వారాలకు కొత్తదంటే భయం మొదలవుతుంది. ఎంచుకున్న వంశంలో అది తొమ్మిది వారాలకో, ఇంకా ఆలస్యంగానో వస్తుంది. అంటే జన్యువులు ఇక్కడ నేరుగా మచ్చికను ఇవ్వలేదు, నేర్చుకునే తలుపు ఇంకో మూడు వారాలు తెరిచి ఉంచాయి. మీ రెండు పిల్లల్లో ఒకదానికి ఆ భయం వారం ముందు వచ్చి ఉండొచ్చు. ఒకే ఇల్లు, ఒకే అనుభవాలు అయినా రెండింటికీ అందినది సమానం కాదు.

పుట్టుకనూ పెంపకాన్నీ నిజంగా వేరుచేయాలంటే తల్లుల్ని మార్చాలి. ఇంట్లో చేసేది కాదు, కానీ ఎలా చేస్తారో తెలిస్తే ఎవరైనా ‘ఇది జన్యువే’ అన్నప్పుడు ఏం అడగాలో తెలుస్తుంది. ఒకే రోజున ఈనిన రెండు తల్లుల్ని తీసుకుని, ఒక్కో ఈతలో సగం పిల్లల్ని రెండో తల్లి దగ్గరకు మారుస్తారు. మిగతా సగాన్ని కూడా చేతిలోకి తీసుకుని మళ్లీ సొంత తల్లి దగ్గరే పెడతారు, లేకపోతే చేయి తగిలిన ప్రభావం తల్లి మారిన ప్రభావంలో కలిసిపోతుంది. రెండు వైపులా పిల్లల సంఖ్య, ఆడామగా లెక్క సమానం చేస్తారు. ఆట లెక్కపెట్టే మనిషికి ఏ పిల్ల ఎక్కడిదో చెప్పరు. పొరపాట్లు సాధారణంగా మూడు చోట్ల జరుగుతాయి. ఒకటి, తల్లిని మార్చినా పిల్ల కడుపులోని అనుభవాన్ని వెంట తెచ్చుకుంటుంది, దాన్ని విడదీయాలంటే పిండాన్నే మార్చాలి. రెండు, ఒక ఈతలో పది పిల్లల్ని చూసి పది సాక్ష్యాలు అని లెక్కేయడం. ఒకే తల్లి, ఒకే గూడు కాబట్టి అవి చాలావరకు ఒక్క సాక్ష్యమే. పందిపిల్లల్లో చూస్తే ఆట మొత్తంలో ఈతకూ ఈతకూ ఉన్న తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. మూడోది మీకు నేరుగా పనికొచ్చేది: ఆట అనేది ఒక పిల్లది కాదు, ఒక జతది. జడంగా ఉండే తోడుతో పెడితే చురుకైనది కూడా చల్లబడుతుంది. తోడు మార్చకుండా ఏ పిల్ల సంగతీ తేలదు.

ఇక ఇంట్లో చేయాల్సినవి. మొదట ఒళ్లు. ఆకలి, నొప్పి, నులిపురుగులు, జ్వరం, వీటిలో ఏదున్నా ముందు తగ్గేది ఆటే. పాలు తగ్గించిన దూడలు గంతులు తగ్గిస్తాయి. కొమ్ము మొగ్గ కాల్చిన దూడ కొన్ని గంటలు అంతగా ఆడదు. అదనంగా తిండి పెట్టిన అడవి మీర్‌కాట్లు (ముంగిసల కుటుంబానికి చెందిన ఆఫ్రికా జంతువులు) ఎక్కువ ఆడాయి. రెండు పిల్లల్నీ రోజూ ఒకే వేళకు తూకం వేయండి. ఆడనిది బరువు పెరగడంలో కూడా వెనకబడితే జన్యువుల ఆలోచన పక్కనపెట్టి పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లండి.

తర్వాత బెదురు. ఎలుకపిల్లల పంజరంలో ఒక్కసారి కాస్త పిల్లి బొచ్చు పెడితే ఆట అక్కడికక్కడే ఆగిపోయింది. బొచ్చు తీసేశాక కూడా మూడు నుంచి ఐదు రోజుల దాకా మామూలు స్థాయికి రాలేదు. అవి ఎప్పుడూ పిల్లిని చూసినవి కావు. ఆ వాసనంటే భయం పుట్టుకతోనే ఉంది, దాని దెబ్బ మాత్రం అనుభవంగా మిగిలింది. కాబట్టి గత వారంలో పడుకునే చోటు మార్చారా, కొత్త జంతువు వచ్చిందా, పెద్ద చప్పుళ్లు అయ్యాయా అని వెనక్కి వెళ్లి చూడండి.

ఆ తర్వాత లెక్క. ఐదు రోజుల పాటు రోజుకు రెండుసార్లు, నిద్రలేచి తిని కాసేపయ్యాక, పది నిమిషాలు కాగితం పెన్సిలు పట్టుకుని కూర్చోండి. ఎవరు మొదలుపెట్టారు, కింద పడింది ఎవరు, పాత్రలు ఎన్నిసార్లు మారాయి, ఆట ఆగాక మళ్లీ ఎవరు వచ్చారు అని గీతలు గీయండి. ముందుకాళ్లు వంచి వెనక భాగం ఎత్తడం, నోరు వదులుగా తెరవడం, గంతులు వంకరటింకరగా ఉండటం ఆట గుర్తులు. ఒళ్లు బిగుసుకోవడం, తోక కాళ్ల మధ్యకు పోవడం, ఎప్పుడూ ఒకటే కింద ఉండటం బాగాలేవు. అనుమానం వస్తే దూకుడుదాన్ని పది సెకన్లు మెల్లగా పట్టుకోండి. రెండోది తిరిగి దాని దగ్గరకే వస్తే అది ఆటే, మీకే అలా కనిపించింది. దొరికిన సందే చాలని మంచం కిందకు పోతే ఆట కాదు.

అప్పుడు తోడు మార్చండి. ఆడనిదాన్ని తనంత లేదా తనకంటే కాస్త చిన్నదైన, నెమ్మదైన, టీకాలు వేయించిన ఇంకో పిల్లతో కలపండి. బలం తగ్గించుకుని, తనంతట తను వెల్లకిలా పడి ఆడించే పెద్ద కుక్క ఉంటే ఇంకా మంచిది. పది నిమిషాలు చాలు, మధ్యలో అర నిమిషం విరామం ఇస్తూ. మూడు పిల్లలు ఒకదాని మీద పడే ఏర్పాటు మాత్రం వద్దు. స్కాట్, ఫుల్లర్‌ల దగ్గర ఫాక్స్ టెర్రియర్ పిల్లలు గుంపుగా ఒకదాన్నే పట్టుకుంటుంటే విడదీయాల్సి వచ్చింది. ఎక్కువమంది తోడు ఎక్కువ మేలు అనుకోకండి. ఎనిమిది వారాల లోపు ఏ పిల్లనూ తల్లి దగ్గర నుంచి పూర్తిగా తీసేయవద్దు.

కొందరు ఒక చిట్కా చెబుతారు: విడిగా ఉంచి కలిపితే బాగా ఆడతాయని. నిజమే, మూడున్నర గంటలు ఒంటరిగా ఉంచిన ఎలుకపిల్లల్లోనే ఆట స్పష్టంగా పెరుగుతుంది, 24 గంటలకు ఇంకా ఎక్కువ. కానీ అది ఉబలాటం ఎంత ఉందో కొలిచే పద్ధతి, వైద్యం కాదు. కుక్కపిల్లలకైతే అరగంట వేరే గదిలో నిద్రపోనిచ్చి కలపండి. అప్పటికీ ముందుకు రాకపోతే అడ్డుపడుతున్నది ఉబలాటం కాకపోవచ్చు, భయం కావచ్చు.

ఎలుకలు పెంచేవారికి ఒక ముక్క. పిల్ల దశలో చేత్తో ఆడించడం బాగా పనిచేస్తుంది: మెడ వెనక వేళ్లతో చకచకా గిలిగింత, మెల్లగా వెల్లకిలా తిప్పి పొట్ట మీద గిలిగింత, వదిలేయడం. 15 సెకన్లు ఆట, 15 సెకన్లు విరామం, మొత్తం రెండు నిమిషాలు. మూడు రోజులు రోజుకు 15 సెకన్లు చేసినా చేతికి అలవాటుపడటంలో తేడా కనిపిస్తుంది. సాధారణంగా చేసే తప్పు నిమిరినట్టు నెమ్మదిగా చేయడం. ఎలుకపిల్లలు చురుగ్గా ఆడతాయి, వేళ్లు కూడా ఆ వేగంలోనే కదలాలి. గబ్బిలాల అరుపులు వినిపించే పరికరం ఉంటే 50 కిలోహెర్ట్జ్ దగ్గర కిచకిచలు వినిపిస్తాయి. 22 దగ్గర పొడుగాటి కూతలు వస్తే వెంటనే ఆపేయండి.

ఇక ఆడకపోతే పెద్దయ్యాక పనికిరాదేమో అన్న బెంగ. దానికి సాక్ష్యం చాలామంది అనుకున్నంత గట్టిగా లేదు. టిమ్ కారో 1980లో చూసినదాని ప్రకారం చిన్నప్పుడు వస్తువులతో ఆడిన పిల్లులు, ఆడనివాటికంటే పెద్దయ్యాక వేటలో మెరుగ్గా ఏమీ లేవు. లిండా షార్ప్ చూసిన మీర్‌కాట్లలో ఎక్కువ కుస్తీ పడ్డవి తర్వాత కొట్లాటల్లో ఎక్కువ గెలవలేదు. తోడే లేకుండా పెరగడం వేరు, తోడుండి తక్కువ ఆడటం వేరు. మొదటిది నష్టమని చాలా జంతువుల్లో తేలింది, రెండోది చాలాసార్లు స్వభావమే. పది వారాలు నిండేసరికి మళ్లీ అదే ఐదు రోజుల లెక్క తీయండి. నెమ్మదైన తోడుతో అది తనంతట తను మొదలుపెట్టే సంఖ్య పెరిగి ఉంటే, మంచం కిందకు పంపుతున్నది దాని స్వభావం కాదు, దాని తోబుట్టువే.